సూదులతో దాక్కున్న రోజు

నా తలనొప్పి మెడ వెనక మొదలయ్యేది. ముందు అక్కడ ఎవరో బొటనవేలు పెట్టి నొక్కుతున్నట్టు ఉండేది. తర్వాత మెల్లగా రెండు చెవుల పైనుంచి పాకి వచ్చి నుదుటి మీద కలిసేది. చిన్నప్పుడు జ్వరమొస్తే మా అమ్మ తలకు గుడ్డ బిగించి కట్టేది. అలాంటి గుడ్డే కట్టి, ఎవరో ముడి బిగిస్తూ పోతున్నట్టు ఉండేది. వాంతులు లేవు, కళ్లు తిరగడం లేదు. పెద్ద జబ్బు కాదు కాబట్టి చెప్పుకోవడానికి కూడా మొహం చెల్లేది కాదు. మా ఆయన ఎండలో సైటంతా తిరిగి, ఉప్పుచారలు కట్టిన చొక్కాతో ఇంటికొస్తే, ఏసీ గదిలో నిలబడి మూడో తరగతికి లెక్కలు చెప్పి వచ్చిన నేను "తల నొప్పి" అని మంచమెక్కితే ఏం బాగుంటుంది? సిగ్గుపడి వంటింట్లోనే ఉండేదాన్ని.

సౌదీలో, అల్ ఖోబర్‌లో అజీజియా వైపు మాది రెండు గదుల ఇల్లు. ఆయనది ఒక కాంట్రాక్టు కంపెనీలో సైటు ఆఫీసు పని. నేను ఆయన వీసా మీద వచ్చిన భార్యను. ఆ దేశంలో ఉండనిచ్చే నా ఇకామా కార్డు మీద, ఈ మనిషికి పని చేయడానికి అనుమతి లేదని అరబ్బీలో శుభ్రంగా రాసి ఉండేది. అయినా నేను ఒక ఇండియన్ స్కూల్లో లెక్కల టీచరును. నేనొక్కదాన్నే కాదు, అక్కడి టీచర్లలో చాలామంది నాలాంటి భార్యలే. బడికి టీచర్లు కావాలి, మాకు పని కావాలి. ఏళ్ల తరబడి అలాగే నడిచింది. డబ్బు కోసం కాదంటే అబద్ధం, డబ్బు కోసమే అన్నా అబద్ధం. కరీంనగర్‌లో ఏళ్లపాటు పిల్లల చెవులు మెలిపెట్టి ఎక్కాలు చెప్పిన దాన్ని, ఆ రెండు గదుల్లో గోడలకు ఎక్కాలు చెప్పుకుంటూ కూర్చోవడం నా వల్ల కాలేదు.

అప్పుడు నితాకత్ వచ్చింది. కంపెనీలకు రంగులు వేశారు. సౌదీ వాళ్లను ఎంతమందిని పనిలో పెట్టుకుంటే అంత మంచి రంగు, ఎరుపు పడితే ఆ కంపెనీ వీసాలు కదలవు. దాని వెంటే, ఎవరి కఫీలు దగ్గర, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గర, వాళ్లే పని చేయాలి, లేకపోతే పట్టుకొని దేశం దాటిస్తాం అన్నారు. హఫర్ అల్ బాతిన్‌లో మేస్త్రీ పని చేసే మా ఊరి వాళ్లు గదుల్లోంచి బయటికి రావడం మానేశారని ఆయన చెప్పేవాడు. వాళ్ల మాట విని అయ్యో అనుకున్నాను. ఆ లెక్కలో నేనూ ఉన్నానని, దొరికితే నాతో పాటు ఆయన ఉద్యోగం, బిడ్డ చదువు అన్నీ మూట కట్టుకొని పోవాలని బుర్రకెక్కడానికి కొంచెం సమయం పట్టింది. లెక్కల టీచరును మరి!

బడి వాళ్లు ఒక ఉపాయం కనిపెట్టారు. తనిఖీని అక్కడ తఫ్తీష్ అంటారు. తఫ్తీష్ వాళ్ల బండి గేటు దగ్గర ఆగగానే వాచ్‌మన్ ఆఫీసుకు చెప్పేవాడు. ఆయా తరగతి గుమ్మంలోకి వచ్చి, "మేడమ్, మీకు ఫోన్ వచ్చింది" అనేది ఇంగ్లీషులో. ఆ మాట వినగానే చేతిలో మార్కర్ కింద పెట్టి, ఒంటినిండా కప్పే అబాయా తగిలించుకొని, వెనక మెట్లు దిగి, పిల్లలను తెచ్చే బస్సెక్కి పరదాలు లాక్కోవాలి. డ్రైవరు బస్సు తీసి సముద్రం ఒడ్డున కార్నీష్ రోడ్డు మీద అటూ ఇటూ తిప్పేవాడు. ఆఫీసు నుంచి కబురు వచ్చాక వెనక్కి తెచ్చేవాడు. చిన్నపిల్లల సీట్లలో మోకాళ్లు ఇరుక్కొని కూర్చునేవాళ్లం. డిగ్రీలు, బీఈడీలు చేసిన ఆడవాళ్లం, నల్ల అబాయాల్లో, మాట్లాడకుండా. నా పక్కన ఎప్పుడూ కడపావిడ కూర్చునేది. మా బడిలో హిందీ చెప్పేది. ఆమె నోరు మాత్రం ఊరుకునేది కాదు.

"విహారయాత్రకు పోతాండాం గదమ్మా. చిత్రాన్నం కట్టుకొచ్చినావా, ల్యాదా?" అనేది.

అందరూ నవ్వేవాళ్లు. నేను పరదా సందులోంచి సముద్రాన్ని చూసేదాన్ని. నవ్వొచ్చేది కాదు. నాకు ముందునుంచీ ముక్కు మీద కోపం. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియకపోతే అది మెడలోకి దిగేది.

మా బిడ్డ నా తరగతిలోనే ఉండేది. బడిలో నన్ను అమ్మా అనకూడదు, మేడమ్ అనాలి. టీచర్ల పిల్లలందరికీ ఉండే నియమమే అది. నితాకత్ వచ్చాక నేను ఇంకొకటి చేర్చాను. ఒక రోజు జడ వేస్తూ చెప్పాను.

"కొత్తోళ్లు ఎవరన్న మెడల కార్డేసుకొని బడికొస్తె, నేనెవరో నీకు తెల్వదు. సరేనా? మీ అమ్మ ఏం జేస్తదని అడిగితె ఇంట్ల ఉంటదని చెప్పు."

"అబద్ధం గాదమ్మా?"

"అబద్ధం గాదు. ఆట."

"ఎప్పటిదాంక ఆడాలె?"

"నేను చెప్పిందాంక."

జవాబు తప్పైనా పర్వాలేదు గానీ పక్కవాడి పలక చూసి రాస్తే తోలు తీస్తానని తరగతిలో అరిచేది నేనే. ఇంటికొచ్చి సొంత బిడ్డకు ఈ పాఠం చెప్పాను. అది బుద్ధిగా తలూపింది. జడ కదలకుండా ఉండాలని మెల్లగా ఊపింది.

ఒకసారి బస్సు దిగి తరగతికి వచ్చేసరికి బోర్డు తెల్లగా ఉంది. నేను సగం చేసి వదిలిన భాగహారం లేదు. నా కుర్చీ గోడ వైపు తిరిగి ఉంది. బల్ల మీద నా సంచీ లేదు, నీళ్ల సీసా లేదు. పిల్లలంతా చేతులు కట్టుకొని కూర్చున్నారు. ముందు బెంచీ పిల్లాడు లేచి, "మేడమ్, మీ రాత మేమే చెరిపేశాం. వాళ్లు అడిగితే ఇది ఆటల పీరియడ్ అన్నాం" అన్నాడు. నా సంచీ మా బిడ్డ కాళ్ల మధ్య, డెస్కు కింద ఉంది. ఎవరూ వాళ్లకు చెప్పలేదు. ఆయా ఫోనంటే ఏమిటో, నేనెందుకు పరిగెత్తుతానో, ఎనిమిదేళ్ల పిల్లలు వాళ్లంతట వాళ్లే తెలుసుకున్నారు. నన్ను కాపాడారు. అందరూ మెచ్చుకోలు కోసం నా ముఖంలోకి చూస్తున్నారు. "గుడ్" అన్నాను. ఇంకేం అనాలి? సిగ్గుతో వాళ్ల వైపు చూడలేక బోర్డు వైపు తిరిగి భాగహారం మళ్లీ మొదటి నుంచి వేశాను.

ఆ రోజు పట్టుకున్న తలనొప్పి వారమైనా వదల్లేదు. శొంఠి అరగదీసి పట్టు వేశాను. బామ్ రాసి రాసి కణతల దగ్గర చర్మం నల్లబడింది. మాత్రలు వేసుకుంటే ఆ పూటకు తగ్గి మర్నాటికి మళ్లీ వచ్చేది. డాక్టరు దగ్గరికి పోతే అన్నీ చూసి, టెన్షన్ వల్ల వచ్చే తలనొప్పి, మాత్రలు మరీ ఎక్కువ మింగకు, టెన్షన్ తగ్గించుకో అన్నాడు. కందికాయలు కొనుక్కో అన్నంత తేలికగా అన్నాడు. బస్సులో కడపావిడకు చెబితే ఆమె నా మెడ మీద చెయ్యి వేసి చూసింది.

"రాయి మాదిరి ఉండాదే! చీనా డాక్టరమ్మ ఒకామె ఉండాది, సూదులు గుచ్చుతాది. మా వదినకు ఇట్లే ఉంటే తగ్గింది. పోయి గుచ్చిచ్చుకో పో."

"ఒక్క ఇంజెక్షన్‌కే మొఖం తిప్పుకుంట నేను."

"దానికంటే ఈ బస్సు బాగుండాదా?"

వెళ్లాను.

ఖోబర్ బజారులో ఒక క్లినిక్, మేడ మీద ఆడవాళ్ల విభాగం. యాభై దాటిన చీనా డాక్టరమ్మ. పొట్టి జుట్టు, పొట్టి మాటలు. ఇంగ్లీషులో నాలుగు మాటలతో సరిపెట్టేది. రెండు చేతుల నాడీ మూడు వేళ్లు పెట్టి చాలాసేపు చూసింది. నాలుక చాపమంది. నిద్ర, ఆకలి, నెలసరి అన్నీ అడిగింది. తర్వాత తలలో వేళ్లు పెట్టి, ఉలిక్కిపడి చేతులు తీసేసి చూసుకుంది. తలనొప్పి కదా అని ఆ పొద్దున నేను గిన్నెడు కొబ్బరినూనె మర్దనా చేసుకొని, గట్టిగా జడ వేసుకొని పోయాను. సూది పెట్టాలంటే చర్మం జారుతోంది. దూది తీసుకొని పాయ పాయగా తుడుస్తూ, "వంటకు కొంచెం మిగిలిందా?" అంది. తల వంచుకొని తుడిపించుకున్నాను.

"ఏం పని చేస్తావు?" అని అడిగింది.

"ఇంట్లోనే ఉంటాను" అన్నాను. అడిగినామె డాక్టరా, తఫ్తీషా అని చూడకుండానే నోట్లోంచి వచ్చేసింది.

ఆమె నా భుజాలు నొక్కి చూసింది. "ఇంట్లో ఏం మోస్తావు?" అంది. వంట, బట్టలు అని ఏదో గొణిగాను.

బల్ల ముందు కుర్చీలో కూర్చోబెట్టి, బల్ల మీద దిండు పెట్టి, దాని మీద చేతులు చాపి నుదురు ఆనించమనేది. మెడ వెనక జుట్టు మొదలయ్యే చోట, నడినెత్తిన, కణతల దగ్గర, భుజాల మీద, రెండు చేతుల్లో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో సూదులు పెట్టేది. వెంట్రుకంత సన్నవి. గుచ్చినప్పుడు దోమ కుట్టినంత. తర్వాత ఆ చోట బరువుగా, తిమ్మిరిగా ఉండేది. అలా వదిలేసి పరదా వేసి వెళ్లిపోయేది. మొదటి రోజు ఇంటికి వచ్చి, బిడ్డకు అన్నం పెట్టి పడుకుంటే తెల్లారింది. తలకు కట్టిన గుడ్డ ఎవరో కొంచెం వదులు చేసినట్టు ఉంది. సూదులే తగ్గించాయో, అరగంట సేపు ఎవరూ పిలవని చోట కూర్చోవడం తగ్గించిందో నేను చెప్పలేను. కషాయం వాసన వేసే నల్లటి గోలీలు కూడా ఇచ్చింది గానీ అవి రెండు రోజులు మింగి వదిలేశాను.

వారానికోసారి పోయేదాన్ని. ఒకసారి ఆమె పరదా తీసి నన్నే చూస్తూ నిలబడింది. "కింద తలుపు గంట మోగినప్పుడల్లా నీ భుజాలు చెవుల దాకా లేస్తున్నాయి. నా సూదులు డాన్సు చేస్తున్నాయి" అని నవ్వింది. నేను నవ్వలేదు. "ఇక్కడికి ఎవరూ రారు" అంది, బిడ్డకు చెప్పినట్టు.

వచ్చారు.

ఆ రోజు బడి నుంచి నేరుగా వెళ్లాం. మా బిడ్డను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, నా సంచీ ఇచ్చి, హోంవర్క్ చేసుకోమన్నాను. నేను లోపల అబాయా కొక్కేనికి తగిలించి దిండు మీద తల పెట్టాను. సూదులన్నీ పెట్టి డాక్టరమ్మ పక్క గదిలో ఇంకొకరి దగ్గరికి పోయింది. కొంచెం కునుకు పట్టింది. అప్పుడు పరదా బయటి నుంచి మా బిడ్డ గొంతు వినిపించింది, ఇంగ్లీషులో, ఆయా అన్నట్టే, ఆ రాగంతోనే.

"మేడమ్, మీకు ఫోన్ వచ్చింది!"

ఆ మాట పూర్తయ్యేలోపే లేచి నిలబడ్డాను. దిండు కింద పడింది. ఎటు పోవాలో కాళ్లకే తెలుసు. గది చివర ఒక చిన్న తలుపు ఉంది, తోసుకొని లోపలికి పోయి వేసుకున్నాను. దుప్పట్లు, దూది పెట్టెలు, తుడిచే కర్ర, ఫినాయిలు వాసన. చీకట్లో, చేతుల్లోని సూదులు దేనికీ తగలకుండా రెండు చేతులూ పైకెత్తి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. నేను ఇక్కడ పేషెంటునని, డబ్బిచ్చి వైద్యం చేయించుకుంటున్నానని, ఈ దేశంలో ఏ చట్టమూ నన్ను ఇక్కడ కూర్చోవద్దనలేదని ఒక్క క్షణం కూడా తట్టలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట. నా భుజాల నిండా సూదులున్నాయి కాబట్టి తడుముకోలేకపోయాను, అంతే తేడా.

బయట అరబ్బీలో, ఇంగ్లీషులో మాటలు వినిపిస్తున్నాయి. లైసెన్సు అడుగుతున్నారు. డాక్టరమ్మ చూపిస్తోంది. తర్వాత నా గదిలో అడుగుల చప్పుడు. "నా పేషెంటు ఏది?" అని ఆమె గొంతు పెద్దదైంది. తలలో సూదులున్న మనిషి కనబడకపోతే ఏ డాక్టరుకైనా గుండె ఆగుతుంది. ఇంకో నిమిషానికి చిన్న తలుపు తెరుచుకుంది.

వెలుతురులో డాక్టరమ్మ, ఆమె వెనక తనిఖీకి వచ్చిన సౌదీ ఆవిడ. నిఖాబ్ లోంచి కళ్లు మాత్రం కనిపిస్తున్నాయి, మెడలో కార్డు. నేను దుప్పట్ల మధ్య చేతులెత్తి, నెత్తిన సూదులతో నిలబడి ఉన్నాను. చేతులు దించుదామంటే సూదులు. భూమి చీలితే బాగుండునని ఎన్నోసార్లు అని ఉంటాను గానీ, నిజంగా కోరుకున్నది ఆ రోజే.

సౌదీ ఆవిడ కళ్లలో కోపం లేదు. భయపడింది, నా కోసం. "నువ్వు పేషెంటువా?" అంది ఇంగ్లీషులో. అవునన్నాను.

"మరి ఎందుకు దాక్కున్నావు? ఈ డాక్టరు నిన్ను ఏమైనా చేసిందా?"

అప్పుడు నాకు తెలివి వచ్చింది. నా పరుగు ఇప్పుడు ఆ డాక్టరమ్మ మెడకు చుట్టుకోబోతోంది. డాక్టరమ్మ ముఖం పాలిపోయింది. "లేదు, లేదు, ఈమె చాలా మంచిది. నాకు సూదులంటే భయం, అందుకే" అన్నాను. డాక్టరమ్మ నా వైపు ఒకసారి చూసింది. అన్ని వారాలూ కదలకుండా గుచ్చించుకున్నదాన్ని.

సౌదీ ఆవిడ నమ్మిందో లేదో, మోచెయ్యి పట్టుకొని జాగ్రత్తగా కుర్చీ దాకా నడిపించింది. నా సూదులు దేనికీ తగలకుండా పరదా పక్కకు జరిపింది. ఆ మర్యాదకు ఏడుపొచ్చింది. ఆమె తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని.

గుమ్మంలో మా బిడ్డ నిలబడి ఉంది. నా సంచీని రెండు చేతులతో వీపు వెనక దాచుకొని ఉంది.

"ఈమె మీ అమ్మా?" అని సౌదీ ఆవిడ నవ్వుతున్న గొంతుతో అడిగింది.

"కాదు. నాకు తెలియదు" అంది మా బిడ్డ.

ఆవిడ నా వైపు చూసింది. "నా బిడ్డే" అన్నాను. నా బిడ్డ నా వైపు కనుబొమలు ముడిచి చూసింది. ఊరుకో, నేను చూసుకుంటాను అని ఆ చూపు.

ఆవిడ మోకాళ్ల మీద కూర్చొని, బిడ్డ ఎత్తుకు దిగి, మెల్లగా అడిగింది. "భయం లేదు. మీ అమ్మ ఎక్కడుంది?"

"ఇంట్లో ఉంది."

"ఏం చేస్తుంది?"

"ఏమీ చేయదు. ఇంట్లోనే ఉంటుంది."

"ఆ సంచీ ఎవరిది?"

"నాది."

తడబాటు లేదు. నేను నేర్పిన పాఠాన్ని ఒక్క మార్కు పోకుండా అప్పజెప్పింది. "బిడ్డా, నేను అమ్మను. చెప్పు, ఏం గాదు, చెప్పు" అన్నాను తెలుగులో. అది నేల వైపు చూస్తూ తల అడ్డంగా ఊపింది. ఆట ఎప్పటిదాకా అంటే నేను చెప్పిందాకా అన్నాను గదా. ఆట అయిపోయిందని చెప్పాలని ఆ కంగారులో నాకు గుర్తు రాలేదు.

సౌదీ ఆవిడ లేచి నిలబడింది. ఈసారి ఆ కళ్లు వేరుగా ఉన్నాయి. నెత్తిన సూదులతో సామాన్ల గదిలో దాక్కున్న మనిషి, ఒక పిల్లను నా బిడ్డ అంటోంది. పిల్ల కాదంటోంది. ఆవిడ స్థానంలో నేనున్నా అలాగే చూసేదాన్ని. ఇకామాలు చూపించమంది. అవి సంచీలో ఉన్నాయి. సంచీ బిడ్డ ఇవ్వదు. వెనక్కి వెనక్కి గోడ దాకా పోయింది. సూదులున్న చేతులతోనే దాని చేతుల్లోంచి గుంజాను. కుడిచేతి సూది వంగి రక్తం చుక్క వచ్చింది. అది ఏడవలేదు. పట్టు వదలాల్సి వచ్చినందుకు పెదవి కొరుక్కుంది.

ఏడాదిగా ఏ కార్డు ఎవరి కంటా పడకూడదని పరిగెత్తానో ఆ కార్డే తీసి, బిడ్డ కార్డుతో కలిపి ఆవిడ చేతిలో పెట్టాను. కన్నబిడ్డ నా బిడ్డేనని రుజువు చేసుకోవడానికి. ఆవిడ రెండింటి మీదా మా ఆయన పేరు చూసింది. తర్వాత నా కార్డు మీద, పని చేయడానికి అనుమతి లేదన్న వరుస దగ్గర ఆమె చూపు ఆగింది. నా వైపు చూసింది, బిడ్డ యూనిఫారం వైపు చూసింది, నా వేళ్లకు అంటిన నీలం మార్కర్ రంగు వైపు చూసింది. ఏమీ అడగలేదు. కార్డులు వెనక్కి ఇచ్చి, బిడ్డ తల మీద చెయ్యి పెట్టి, "మీ అమ్మను తెలియదని ఎప్పుడూ అనొద్దమ్మా" అని చెప్పి వెళ్లిపోయింది. బిడ్డ వినయంగా తలూపింది కానీ నా వైపు రాలేదు.

డాక్టరమ్మ సూదులు ఒక్కొక్కటే తీసి దూది అద్దింది. లెక్క సరిచూసుకుంది. "నువ్వు పని చేస్తావు" అంది. తలూపాను. "మొదటి రోజే అడిగాను" అంది. ఆమెను నేనెంత ప్రమాదంలో పెట్టానో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. మన్నించమన్నాను. మెడ మీద చెయ్యి వేసి కొంచెంసేపు అలాగే ఉంచింది.

కింద మా ఆయన కారు దగ్గర నిలబడి ఉన్నాడు. వెనక సీట్లో ఎక్కగానే బిడ్డ నా చెవి దగ్గరికి వంగి, "మంచిగ చెప్పిన గదా, మేడమ్?" అంది. నేను కిటికీ వైపు తిరిగాను. "ఏమైందే? నొప్పి తగ్గలేదా?" అని ఆయన అద్దంలో చూశాడు. ఇంటికి పోయాక చెప్పాను. సూదులతో సామాన్ల గదిలో దూరిన సంగతికి పగలబడి నవ్వాడు. బిడ్డ అన్న మాట చెప్పగానే నవ్వు ఆగిపోయింది.

"ఇగ బడికి పోకు" అన్నాడు.

"పోకపోతె నేనేం గావాలె?"

"ఏమన్న గాని. అది నిన్ను తెల్వదనుడేంది?"

నాకు కోపం రాలేదు. మొదటిసారి, రాలేదు. మర్నాడు బడికి పోయి, అనుమతి కాగితం వచ్చేదాకా రానని పెద్ద మేడమ్‌కు చెప్పి వచ్చాను. బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని, ఆట అయిపోయిందని, ఇక ఎవరు అడిగినా నేను మీ అమ్మనేనని చెప్పాను. "అయిపోయిందా? గెలిచినమా?" అంది. గెలిచామన్నాను.

తర్వాత నాలాంటి భార్యలు బళ్లలో చదువు చెప్పుకోవచ్చని అనుమతులు ఇవ్వడం మొదలుపెట్టారు. నాకూ వచ్చింది. మళ్లీ బోర్డు ముందు నిలబడ్డాను, ఎవరూ ఫోను వచ్చిందనలేదు. సూదుల డాక్టరమ్మ దగ్గరికి అప్పుడప్పుడు పోతూనే ఉన్నాను, నూనె లేని తలతో. తలనొప్పి పూర్తిగా పోలేదు గానీ చెప్పిన మాట వినే స్థితికి వచ్చింది. హమ్మయ్య అనుకునేసరికి లెవీలు వచ్చాయి. ఇంట్లో ఉన్న భార్యకు, బిడ్డకు నెలకింత అని కట్టాలి, అది ఏడాదికేడాది పెరుగుతుంది. కంపెనీల మీదా వేశారు. అజీజియాలో ఇళ్లు ఖాళీ అయ్యాయి. బడిలో రెండు సెక్షన్లు కలిపి ఒకటి చేశారు. ముందు కడపావిడ పోయింది, బస్సులో నా పక్క సీటు ఇంకెవరికీ ఇవ్వొద్దని నవ్వుతూ చెప్పి, ఏడ్చి. మరుసటి వేసవికి మేము కూడా లెక్క వేసుకున్నాం. ఆయన ఉంటాడు, నేనూ బిడ్డా ఫైనల్ ఎగ్జిట్ మీద, వీసా వదులుకొని పోతాం. ఆ ఏళ్లలో అలా విడిపోని ఇల్లు మా మెట్ల మీద ఒక్కటీ లేదు.

దమ్మామ్ విమానాశ్రయంలో ఆయన గాజు తలుపుల అవతల నిలబడిపోయాడు. మేమిద్దరం పాస్‌పోర్టుల కౌంటరు దగ్గరికి వెళ్లాం. బిడ్డ అప్పటికి నా చెవుల దాకా ఎదిగింది. కౌంటరులో కుర్రవాడైన ఆఫీసరు, మెడలో కార్డు. రెండు పాస్‌పోర్టులు తిప్పి చూసి, ముద్ర వేయబోతూ, ఊరికే, చిన్నపిల్లలను పలకరించినట్టు నవ్వి, నన్ను చూపించి దాన్ని అడిగాడు. "మీ అమ్మా?"

నాలుగేళ్ల కింద అయిపోయిందని చెప్పిన ఆట. వెళ్లిపోతున్నాం, దాచుకోవాల్సింది ఏమీ లేదు. అయినా మా బిడ్డ వెంటనే జవాబు చెప్పలేదు. తల తిప్పి నా ముఖంలోకి చూసింది, చెప్పొచ్చా అన్నట్టు.

నేను తలూపాను. అప్పుడు చెప్పింది, అవునని.